గుత్తి కోట నీడలో మన్రో దొర సమాధి

పావగడ నుంచి ఉత్తర దిశగా పయనించేవారికి దారి పొడవునా ఎర్రని గరపనేలలు, బండరాళ్ల గుట్టలు, నీరింకిన వంకలు, వాన కోసం ఎదురుచూసే వేరుశెనగ చేలు కనిపిస్తాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాగా దీనికి పేరు. వేదవతి నది ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాలలో ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరుగుతూ ఎడారిని తలపిస్తాయి. ఈ మెట్టసీమ నడుమ, గుత్తి కోటకొండ పాదాన ఉన్న ఐరోపావారి చిన్న శ్మశానంలో 1827 జూలై 7న ఒక పాలకుడిని ఖననం చేశారు. ఆయన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో. ఆయన పుట్టింది స్కాట్లండులో. ఆయన కొలిపించినవి మాత్రం మన సరిహద్దు అవతలి పొలాలు.

సరిహద్దు గ్రామాల పెద్దలకు మన్రో దొర పేరు కొత్త కాదు. అయితే ఆయన జీవితం, ఆయన చేసిన మేలు, ఆయన మోపిన భారం, ఆయన అస్థికలు చివరికి ఎక్కడికి చేరాయన్న సంగతి నేటి తరానికి అంతగా తెలియవు. రాయచెర్లు వంటి గ్రామంలో భూమి పత్రాలు ఇంటింటా చర్చనీయాంశమైన ఈ కాలంలో ఆ చరిత్రను ఒకసారి తిరగవేయడం అవసరం.

గ్లాస్గో నుంచి మద్రాసుకు

థామస్ మన్రో 1761 మే 27న గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసే వర్తకుడు. బాల్యంలో సోకిన తట్టు వల్ల థామస్ వినికిడి శక్తి కొంత దెబ్బతిన్నది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివారు. గణితం, రసాయన శాస్త్రం ఆయనకు ప్రీతిపాత్రమైన విషయాలు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం తండ్రి వ్యాపారాన్ని కుప్పకూల్చింది. ఇల్లు గడవడం కష్టమైన ఆ రోజుల్లో యువకుడైన థామస్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా చేరి, 1780 జనవరిలో మద్రాసులో దిగారు.

అదే యేడు హైదరాలీ కర్ణాటక మైదానం మీదికి దండెత్తారు. మన్రో ఆ యుద్ధంలో సామాన్య సైనికాధికారిగా పాల్గొన్నారు. విరామ కాలంలో పారశీకం, హిందూస్తానీ నేర్చుకున్నారు. ఆ భాషాజ్ఞానమే తరువాత ఆయనను కత్తి నుంచి కలం వైపు మళ్లించింది. టిప్పు సుల్తానుతో జరిగిన మూడవ మైసూరు యుద్ధం 1792లో ముగిసి, బారామహల్ సీమ కంపెనీ వశమైంది. ఆ సీమకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను పాలకుడిగా నియమించి, ఆయన కింద మన్రోను సహాయకుడిగా పంపారు. నేటి కృష్ణగిరి, ధర్మపురి, సేలం ప్రాంతాలే నాటి బారామహల్. అక్కడ 7 సంవత్సరాలు గ్రామగ్రామం తిరిగి, రైతు దగ్గరే కూర్చుని శిస్తు లెక్క కట్టే పద్ధతిని రీడ్, మన్రో కలిసి రూపొందించారు. జమీందారును, గుత్తదారును మధ్య నుంచి తొలగించి, సేద్యం చేసే రైతుతో ప్రభుత్వం నేరుగా వ్యవహరించడమే ఆ పద్ధతి. అదే రైతువారీ విధానంగా ప్రసిద్ధికెక్కింది.

ఎల్ల గీసిన సంవత్సరం

1799 మే 4న శ్రీరంగపట్నం కోట కూలింది. టిప్పు మరణించారు. ఆయన రాజ్యాన్ని పంచి, మైసూరు వ్యవహారాలను చక్కదిద్దడానికి కంపెనీ ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘానికి ఇద్దరు కార్యదర్శులు. ఒకరు జాన్ మాల్కం, మరొకరు థామస్ మన్రో. ఆ పంపకంలో గుత్తి, గుర్రంకొండ మొదలైన సీమలు నిజాము వాటాకు పోగా, మైసూరు గద్దె తిరిగి ఒడెయరు వంశానికి దక్కింది. తరువాతి యేడు, అనగా 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో, నిజాము తన వాటాను కంపెనీకి ధారాదత్తం చేశారు. దత్తమండలం అన్న పేరు అప్పుడు వచ్చింది. దానికి రాయలసీమ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది 1928లో.

పావగడ మైసూరులో నిలిచింది. దానికి ఆనుకుని ఉన్న మడకశిర, పెనుకొండ కంపెనీ ఏలుబడిలోకి వెళ్లాయి. ఒకే భాష మాట్లాడి, ఒకే జాతరకు వెళ్లి, పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్ల మధ్య రెండు ప్రభుత్వాలు వెలిశాయి. ఇటు దివాను పూర్ణయ్య పాలన, అటు కలెక్టరు మన్రో పాలన. ఇటు శానుభోగరు లెక్క, అటు కరణం లెక్క. మూడు వైపులా ఆంధ్ర ప్రాంతం చుట్టుముట్టిన నేటి పావగడ తాలూకా రూపానికి మూలం ఆ నాటి పంపకంలోనే ఉంది. ఎల్ల ఎక్కడ ఉండాలన్నది పైవారు నిర్ణయించిన మాట నిజమే. ఆ నిర్ణయాలు కాగితం మీదికి ఎక్కినప్పుడు అక్కడ ఉన్న యువ కార్యదర్శే మరుసటి యేడు ఎల్లకు అవతలి వైపు కలెక్టరుగా రావడం చరిత్రలోని విశేషం.

గుడారమే కచేరీ

కొంతకాలం కెనరా సీమలో పనిచేసిన తరువాత 1800 చివర మన్రో దత్తమండలానికి ప్రధాన కలెక్టరుగా వచ్చారు. నేటి బళ్లారి, అనంతపురం, కడప జిల్లాలు, కర్నూలులో కొంత భాగం ఆయన అధికారం కింద ఉండేవి. అనంతపురాన్ని కేంద్రంగా చేసుకున్నప్పటికీ ఆయన ఎక్కువ కాలం గడిపింది గుడారాలలోనే. ఊరి బయట గుడారం వేయించి, రెడ్డి, కరణం, తలారి మొదలుకొని సాధారణ రైతు దాకా అందరి మాటా విని శిస్తు నిర్ణయించేవారు.

ఆయన వచ్చేనాటికి సీమలో సుమారు 80 మంది పాళెగాళ్లు ఉండేవారు. ప్రతి కొండకూ ఒక కోట, ప్రతి కోటకూ ఒక బలగం. కొందరు చెరువులు తవ్వించి, గుడులు నిలిపి, ప్రజలను కాపాడినవారు. కొందరు రైతుల నుంచి ఇష్టం వచ్చినట్లు వసూలు చేసి, పక్క ఊళ్లను దోచినవారు. మన్రో ఈ రెండు రకాలవారినీ ఒకే గాటన కట్టారు. కోటలు పడగొట్టించి, బలగాలను రద్దు చేయించి, ఎదిరించినవారిని సైన్యంతో అణచివేశారు. లొంగినవారిలో కొందరికి పింఛన్లు ఇచ్చారు. ఆ కాఠిన్యాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు. ఆ మంట మన్రో కాలంతో ఆరిపోలేదు. పాళెగాళ్ల వంశీకుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగుబాటు జెండా ఎత్తి, 1847 ఫిబ్రవరి 22న ఉరికొయ్య ఎక్కారు. గుత్తి సమాధి వద్ద తలవంచేవారు ఈ రెండవ కథను కూడా మరువరాదు.

33 అడుగుల గొలుసు

1802లో ఆరంభమైన భూముల సర్వే మన్రో చేసిన పనులన్నింటిలోకి పెద్దది. ప్రతి పొలాన్నీ కొలిచారు. నేల రకాన్ని బట్టి తరం కట్టారు. కొలతకు వాడిన గొలుసు పొడవు 33 అడుగులు. నాలుగు వైపులా ఆ గొలుసంత ఉండే చదరం 1,089 చదరపు అడుగులు. అటువంటివి 40 కలిస్తే ఒక ఎకరం. కర్ణాటకలో పహణి చదివే రైతుకు ఈ లెక్క వెంటనే స్ఫురిస్తుంది. 40 గుంటలు ఒక ఎకరం అన్న నేటి లెక్క కూడా సరిగ్గా ఇదే. ఎల్ల దాటితే ఆంధ్రలో ఎకరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తారు. భూమి ఒకటే, లెక్కలు రెండు.

కొలత ముగిసిన పొలానికి శిస్తు నిర్ణయించి, సేద్యం చేసే రైతు పేరిట పట్టా వ్రాసి ఇచ్చేవారు. అంతకు పూర్వం ఊరి మొత్తానికి ఇంత అని గంపగుత్తగా శిస్తు కట్టి, గుత్తదారు రైతుల నుంచి ఎంత పిండుకున్నా అడిగే నాథుడు లేని స్థితి తరచుగా ఉండేది. పేరు, పొలం, శిస్తు మూడూ కాగితం మీదికి రావడంతో సామాన్య రైతుకు ఒక ఆధారం దొరికింది. ప్రతి యేటా జమాబందీలో తన లెక్కను తాను సరిచూసుకునే అవకాశం కలిగింది. సాగు చేయలేని భూమిని వదులుకోవచ్చుననీ, శక్తి ఉంటే కొత్త భూమి తీసుకోవచ్చుననీ మన్రో వాదించారు.

అయితే పట్టా చేతికి వచ్చినంత మాత్రాన కడుపు నిండలేదు. ఆనాటి శిస్తు బరువైనది. కంపెనీకి యుద్ధాల ఖర్చులకు రొక్కం కావాలి. కలెక్టరు ఎంత వసూలు చేస్తే అంత సమర్థుడని పేరు. మన్రో కూడా మొదటి సంవత్సరాలలో వసూళ్లను పెంచుతూ పోయినవారే. వానలు తప్పిన యేళ్లలో ఆ భారం రైతు వెన్ను విరిచింది. తాను వేసిన శిస్తు మెట్టసీమ భరించగలిగిన దానికంటే ఎక్కువన్న సంగతి ఆయనకు అనుభవంలో తెలిసివచ్చింది. 1807 ఆగస్టులో ప్రభుత్వానికి పంపిన నివేదికలో అన్ని భూములపైన 25 శాతం, బావుల నుంచి, వాగుల నుంచి నీరు తోడి పండించే భూములపైన మరో 8 శాతం తగ్గించాలని సిఫారసు చేశారు. నీరు తోడుకునే రైతు కష్టాన్ని వేరుగా గుర్తించిన ఆ సిఫారసు చదివితే, ఆయన ఈ నేలను ఎంత దగ్గరగా చూశారో అర్థమవుతుంది.

ప్రభుత్వం ఆ సిఫారసును పక్కన పెట్టింది. ఆయన స్వదేశానికి వెళ్లిపోయాక ఊళ్లను గుత్తకు ఇచ్చే పద్ధతి తిరిగి వచ్చింది. మొదట మూడేళ్ల గుత్తలు, తరువాత పదేళ్ల గుత్తలు. గుత్తదారులు ఎందరో దివాలా తీశారు, రైతులు ఎందరో ఊళ్లు విడిచారు.

గవర్నరు పదవి

ఇంగ్లండులో ఉన్న కాలంలో మన్రో 1813లో పార్లమెంటు ఎదుట సాక్ష్యం చెప్పారు. హిందూదేశపు ప్రజలు సేద్యంలోను, చేతిపనులలోను, చదువులోను, అతిథి మర్యాదలోను ఎవరికీ తీసిపోరన్నది ఆ సాక్ష్యంలోని సారాంశం. 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను వివాహమాడి, న్యాయవిధానాన్ని సంస్కరించే బాధ్యతతో అదే యేడు మద్రాసుకు తిరిగివచ్చారు. గ్రామ మున్సబులకూ, పంచాయతీలకూ చిన్న తగాదాలు తీర్చే అధికారం కల్పించే చట్టాలు 1816లో వెలువడ్డాయి. మరాఠా యుద్ధంలో ధార్వాడ ప్రాంతంలో సేనాని బాధ్యత నిర్వహించారు.

1820 జూన్‌లో ఆయన మద్రాసు గవర్నరయ్యారు. 13 సంవత్సరాల క్రితం తిరస్కృతమైన శిస్తు తగ్గింపును దత్తమండలంలో అమలు చేయించారు. రైతువారీ పద్ధతిని తిరిగి నెలకొల్పారు. 1822లో మద్రాసు రాజధానిలోని జిల్లాలన్నింటిలో బడులు ఎన్ని, చదివేవారు ఎందరు, ఏ కులంవారు, ఏ గ్రంథాలు చదువుతున్నారు అన్న వివరాలు సేకరించమని కలెక్టర్లను ఆదేశించారు. ఇంగ్లీషు చదువులు రాకముందు మన వీధిబడులు ఎట్లుండేవో తెలుసుకోవడానికి నేటికీ ఆ నివేదికలే ముఖ్యాధారం. 1824 చివర వ్రాసిన సుదీర్ఘమైన నివేదికలో, దేశస్థులకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వాలనీ, తమను తాము పాలించుకునే శక్తి వారికి కలిగిన నాడు ఇంగ్లీషువారు తప్పుకోవడమే తగినదనీ అభిప్రాయపడ్డారు. ఆనాటి దొరలలో అట్లా ఆలోచించినవారు అరుదు. అయితే ఆ రోజు ఎప్పుడు వస్తుందో నిర్ణయించే అధికారం తమ చేతిలోనే ఉండాలన్నది కూడా ఆ ఆలోచనలో భాగమే.

పత్తికొండలో చివరి రాత్రి

1826లో చిన్న కుమారుని అనారోగ్యం కారణంగా భార్య బిడ్డతో ఇంగ్లండుకు పయనమైంది. మన్రో కూడా పదవి నుంచి విముక్తి కోరారు. తరువాతి గవర్నరు రావడం ఆలస్యమైంది. ఆ విరామంలో, తాను 7 సంవత్సరాలు తిరిగిన దత్తమండలాన్ని చివరిసారిగా చూడాలని 1827 వేసవిలో బయలుదేరారు. అప్పుడు సీమలో కలరా ప్రబలి ఉన్నది. పరివారంలో కొందరు దారిలోనే మరణించారు. జూలై మొదటి వారంలో గుత్తి చేరి, అక్కడ నుంచి పత్తికొండకు వెళ్లారు. జూలై 6న పత్తికొండ విడిదిలో ఆయనకు కలరా సోకింది. ఆ రాత్రే తుదిశ్వాస విడిచారు. వయస్సు 66 సంవత్సరాలు. భౌతికకాయాన్ని గుత్తికి చేర్చి, మరునాడు కోట కింద ఖననం చేశారు.

4 సంవత్సరాల తరువాత, 1831లో, ఆయన అస్థికలను మద్రాసుకు తరలించి సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చిలో ఉంచారు. 1839లో మద్రాసులో ఆయన అశ్వారూఢ విగ్రహాన్ని నెలకొల్పారు. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ ఆ గుర్రానికి జీనూ, అంకెనలూ చెక్కలేదన్న సంగతి నేటికీ చెన్నై వెళ్లినవారు చెప్పుకుంటారు. మరణించిన చోట, పత్తికొండలో, ప్రభుత్వం ఒక బావి తవ్వించి తోపు నాటించింది. గుత్తిలో బాటసారుల కోసం సత్రం వెలసింది. నీటికి కరువైన సీమలో బావికీ నీడకూ మించిన స్మారకం మరొకటి లేదు.

సమాధి దర్శనం

పావగడ తాలూకావారికి గుత్తి ఒక పగటి ప్రయాణం. అనంతపురం చేరి, అక్కడ నుంచి 44వ జాతీయ రహదారి మీద కర్నూలు వైపు సుమారు 50 కిలోమీటర్లు వెళితే గుత్తి. రైలు మార్గం కూడా ఉన్నది. దూరం నుంచే కోటకొండ కనిపిస్తుంది. మరాఠా సేనాని మురారిరావు ఏలిన కోట అది. 1776లో హైదరాలీ దానిని వశపరచుకున్నారు. కొండ అంచున, లోయ వైపు చూస్తూ ఉన్న చిన్న మంటపాన్ని మురారిరావు గద్దె అంటారు. ఎండ ముదరకముందే కొండ ఎక్కడం, నీరు వెంట ఉంచుకోవడం మేలు.

కొండ పాదాన ఉన్న శ్మశానం చిన్నది. దూరదేశం నుంచి వచ్చి ఈ ఎండలకు, జ్వరాలకు బలియైన ఐరోపావారి గోరీలు అక్కడ ఉన్నాయి. వాటి నడుమ మన్రోను తొలుత ఖననం చేసిన చోటు ఉన్నది. అక్కడ ఆయన అస్థికలు లేవన్న సంగతి తెలిసికూడా చరిత్రాభిమానులు ఆ చోటును వెదుక్కుంటూ వస్తారు. చెన్నై చర్చిలోని శిల కంటే, కోటకొండ ఎదుట పరుచుకున్న ఈ మెట్టపొలాలే ఆయన పనికి సాక్ష్యం పలుకుతాయి.

జనం నోట మిగిలిన దొర

సీమ జనం మన్రోను మాండవ ఋషి అని పిలిచేవారట. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలు ఉండేవి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం లోపలి నుంచి ఆయనతో మాట్లాడారనీ, అందుచేత మఠం భూమిని కంపెనీ స్వాధీనపరచుకోలేదనీ భక్తులు చెబుతారు. కడప సీమలో పాపాఘ్ని నది కొండల మధ్య దూరే గండి వద్ద ఆకాశంలో బంగారు తోరణం ఆయన కంటపడిందనీ, అది పుణ్యాత్ములకు మరణానికి ముందు మాత్రమే కనిపిస్తుందనీ మరొక కథ. తిరుమల శ్రీవారి నైవేద్యానికి ఆయన పేరిట మన్రో గంగాళం ఏర్పడిందని ప్రతీతి. ఈ కథలు ఎంతవరకు జరిగినవన్నది వేరే ప్రశ్న. పరదేశి పాలకుడిని, వేరే మతస్థుడిని జనం తమ దేవుళ్ల కథలలోకి తెచ్చుకున్నారంటే, గుడారం ముందు నిలబడ్డ రైతు మాటను ఆయన విన్నారన్న నమ్మకమే దానికి కారణమై ఉండవచ్చు.

పట్టాలో ఉన్న పేరు, లేని పేరు

మైసూరులో భూముల కొలత వేరే కాలంలో, వేరే అధికారుల చేతుల మీదుగా జరిగింది. కాబట్టి రాయచెర్లు పట్టాలు మన్రో ఇచ్చినవని అనడం తగదు. అయినా భూమి ఎవరిదో ఊరి లెక్కలో రైతు పేరుతోనే ఉండాలన్న సూత్రం ఎల్లకు ఇరువైపులా పాదుకున్నది. ఆ సూత్రం విలువ ఈ కాలంలో పావగడ తాలూకాకు బాగా తెలిసివచ్చింది. తిరుమణి, బాలసముద్ర, వళ్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల భూములలో సుమారు 13,000 ఎకరాలలో సౌరవిద్యుత్ పార్కు ఏర్పడింది. 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. అక్కడ భూములను రైతుల నుంచి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి యేటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకొకసారి పెంచే ఏర్పాటు చేశారు. వాన మోసగించినా కౌలు అందుతుంది. పహణిలో పేరు ఉన్న ఇంటికి అది పెద్ద ఆసరా.

పేరు లేని ఇంటి మాట వేరు. కలుపు తీసి, కాయ కోసి, గొర్రెలు మేపి బ్రతికిన కూలి కుటుంబాలకు కౌలు రాదు. మన్రో నాటి పట్టాలోను ఈ లోటే ఉన్నది. దున్నే రైతు పేరు ఎక్కింది. ఆ రైతు మడిలో కూలికి వంగినవారి పేరు ఎక్కలేదు. తాత పేరిట ఉన్న పొలాన్ని మనుమలు పంచుకుని కూడా ఖాతా మార్పించుకోని ఇళ్లు, ఆడబిడ్డ వాటాను లెక్కలో చూపని ఇళ్లు సరిహద్దుకు ఇరువైపులా ఉన్నాయి. ఇటు పహణి, అటు అడంగలు, 1బి తీసి చూసుకుంటే ఎవరి పేరు ఉన్నదో, ఎవరి పేరు తప్పిపోయిందో తెలుస్తుంది.

తాను వేసిన శిస్తు ఎక్కువైందని అదే కలెక్టరు ఒప్పుకుని, దానిని తగ్గించడానికి 13 సంవత్సరాలు ఆగి, గవర్నరు పదవిలోకి వచ్చిన వెంటనే ఆ పని పూర్తి చేయడం మన్రో జీవితంలో గుర్తుంచుకోదగిన ఘట్టం. పాళెగాళ్ల పట్ల చూపిన కాఠిన్యం, కంపెనీ ఖజానా కోసం చేసిన వసూళ్లు కూడా ఆ జీవితంలోనివే. గుత్తి వెళ్లే కుటుంబాలు కోటతో పాటు ఆ చిన్న శ్మశానాన్ని కూడా చూసి, పిల్లలకు ఈ రెండు వైపులూ చెప్పడం ఉచితం. తిరిగి వచ్చాక ఇంటి పెట్టెలోని పట్టాను తీసి, అందులోని పేర్లను వారి చేత చదివించడం మరింత ఉచితం.